గోధుమ తవుడు: జల్లెడలో మనం వదిలేస్తున్న ఆహారం

అన్నం పరబ్రహ్మ స్వరూపమని పెద్దలు చెప్పారు. విస్తరిలో మెతుకు మిగల్చరాదన్న అర్థంలోనే ఆ మాటను మనం ఎక్కువగా తీసుకుంటున్నాం. అయితే గింజలో ఏ భాగం విస్తరి దాకా వస్తున్నది, ఏ భాగం గిర్నిలోనూ జల్లెడలోనూ ఆగిపోతున్నది అన్న సంగతి కూడా అన్నాన్ని గౌరవించడంలో భాగమేనని నా అభిప్రాయం. కళాశాలలో గృహవిజ్ఞానం బోధించి పదవీ విరమణ చేసిన తరువాత అన్నదానశాలలో సేవ చేస్తున్నాను. భోజనానికి వచ్చిన భక్తులు నన్ను తరచుగా అడిగే ప్రశ్నల్లో ఒకటి గోధుమ తవుడు గురించి. “షుగర్ ఉన్నవాళ్లు తవుడు తినవచ్చునా?”, “మలబద్ధకానికి మంచిదంటున్నారు, నిజమేనా?”, “పశువుల దాణా మనుషులు తినడమేమిటి?” అని అడుగుతుంటారు. ఆ ప్రశ్నలకు వివరంగా సమాధానం చెప్పడానికే ఈ వ్యాసం.

గింజలో తవుడు ఎక్కడ ఉంటుంది?

ముందుగా ఊకకూ తవుడుకూ గల భేదం తెలుసుకోవాలి. వడ్లను మరపట్టినప్పుడు మొదట ఊడిపోయే గరుకైన పై పెంకు ఊక. అది ఆహారం కాదు. ఇటుక బట్టీలకూ బాయిలర్లకూ ఇంధనంగా పనికివస్తుంది. ఊక తొలగిన తరువాత గింజను అంటిపెట్టుకొని ఉండే పలుచని గోధుమరంగు పొరలే తవుడు. గోధుమలో పై పెంకు కళ్లంలోనే తొలగిపోతుంది కాబట్టి మన ఇంటికి వచ్చే గోధుమ గింజ తవుడుతోనే వస్తుంది. దీనినే కొందరు గోధుమ పొట్టు అంటారు.

గోధుమ గింజ బరువులో తవుడు సుమారు 14 నుంచి 15 శాతం. మొలకెత్తే భాగమైన అంకురం 2 లేక 3 శాతం. మిగిలినదంతా తెల్లని పిండి భాగం. తవుడును, అంకురాన్ని పూర్తిగా తీసివేసి, తెల్లని భాగాన్ని మెత్తగా చేస్తే మైదా. అదే తెల్లని భాగాన్ని పలుకులుగా ఉంచితే బొంబాయి రవ్వ. తవుడుతో సహా గింజను విసిరితే గోధుమ పిండి. తవుడుతోనే గింజను పగులగొడితే గోధుమ నూక, అంటే ఎర్ర గోధుమ రవ్వ. అన్నవరం సత్యనారాయణస్వామి ప్రసాదం గోధుమ నూకతోనే తయారవుతుంది. ఇళ్లలో వ్రతం చేసుకునేటప్పుడు నూకకు బదులు బొంబాయి రవ్వ వాడటం తరువాత వచ్చిన సౌకర్యం.

వంద గ్రాముల తవుడులో ఏముంది?

వంద గ్రాముల గోధుమ తవుడులో పీచు పదార్థం 40 గ్రాములకు పైగా, మాంసకృత్తులు సుమారు 15 గ్రాములు, కొవ్వు 4 గ్రాములు ఉంటాయి. ఇనుము సుమారు 10 మిల్లీగ్రాములు, జింకు 7 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 600 మిల్లీగ్రాములు, భాస్వరం 1,000 మిల్లీగ్రాములు. బి విటమిన్లలో నియాసిన్ 13 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. బి6, థయామిన్ కూడా చెప్పుకోదగిన మోతాదులోనే ఉన్నాయి. కాల్షియం మాత్రం తక్కువే, సుమారు 70 మిల్లీగ్రాములు. ఈ చివరి అంకెను పాఠకులు గుర్తుంచుకోవాలి. మన జిల్లాల విషయంలో దాని అవసరం తరువాత వస్తుంది.

వరి తవుడు దీనికి దగ్గరి బంధువే. అయితే అందులో నూనె 15 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. తవుడు నూనె తీసేది దాని నుంచే. నూనె ఎక్కువ కావడం వల్ల వరి తవుడు గింజ నుంచి విడిపోయిన కొద్ది గంటల్లోనే చెడటం మొదలవుతుంది. కాబట్టి రైసు మిల్లు తవుడును తెచ్చుకొని ఇంట్లో తినడం తగదు. నూనె తక్కువగా ఉన్న గోధుమ తవుడు కొన్ని వారాలు నిలుస్తుంది.

తవుడు చెప్పిన వైద్య పాఠం

విటమిన్ అనే మాట పుట్టడానికి కారణం తవుడే అంటే చాలామందికి ఆశ్చర్యం కలుగుతుంది. ఆవిరి యంత్రాల మిల్లులు వచ్చి బియ్యాన్ని తెల్లగా పాలిష్ పట్టడం మొదలైన తరువాత ఆసియా దేశాల్లో బెరిబెరి అనే వ్యాధి విజృంభించింది. కాళ్లు తిమ్మిరెక్కి, చచ్చుబడి, గుండె బలహీనమై ప్రాణాలు పోయేవి. మన తెలుగు నేలలో ఉత్తర సర్కారు జిల్లాలు దీనికి పేరుపడ్డాయి. 1890ల్లో జావా దీవిలో పనిచేసిన ఐక్‌మాన్ అనే డచ్చి వైద్యుడు, తెల్ల బియ్యం తిన్న కోళ్లకు ఇటువంటి జబ్బే వచ్చి, పాలిష్ పట్టని బియ్యం పెడితే తగ్గిపోవడం గమనించాడు. 1912లో కాసిమిర్ ఫంక్ అనే శాస్త్రజ్ఞుడు ఇటువంటి ప్రాణాధార పదార్థాలకు విటమిన్ అని పేరు పెట్టాడు. వరి తవుడులోని ఆ పదార్థమే థయామిన్, అంటే బి1 విటమిన్. దానిని 1936లో ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన రాబర్ట్ విలియమ్స్ 1886లో మన నెల్లూరులో మిషనరీ దంపతులకు జన్మించినవాడు. ఐక్‌మాన్‌కు 1929లో నోబెల్ బహుమతి లభించింది.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పుట్టుక కూడా ఈ కథలోనిదే. 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో ఒకే ఒక గదిలో, బెరిబెరి పరిశోధన విభాగంగా, రాబర్ట్ మెకారిసన్ దానిని ప్రారంభించాడు. 1958లో అది హైదరాబాదుకు తరలివచ్చింది. పనికిరానిదని తీసివేసిన పొరలోనే ప్రాణం నిలిపే పదార్థం ఉన్నదన్నది ఆ తరం శాస్త్రజ్ఞులు మనకు ఇచ్చిపోయిన పాఠం.

మన విస్తరిలో వచ్చిన మార్పు

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు మెట్ట ప్రాంతాలు. చెరువు కింద ఉన్న కొద్దిపాటి పొలం తప్ప తక్కినదంతా జొన్న, సజ్జ, కొర్ర, తైద పండిన భూములే. పొద్దున అంబలి, మధ్యాహ్నం జొన్నగట్క, రాత్రి జొన్నరొట్టె తిని బతికినవారు మన తాతలు. వరి అన్నం పండుగ నాటి భోజనం. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలిన తరువాత ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాలు వరి మాగాణులయ్యాయి. మిర్యాలగూడ రైసు మిల్లులకు పేరుగాంచింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. ఆకలి తీర్చిన ఆ మార్పును నేను తప్పుపట్టను. ఆ బియ్యంతో పెరిగిన పిల్లలకు పాఠాలు చెప్పినదానను. కానీ దానితోపాటు జొన్న వెనుకబడింది, బియ్యం ఏటేటా మరింత తెల్లబడింది.

గోధుమ మన పొలాల్లో పండటం చాలా అరుదు. అది మన ఇళ్లలోకి మొదట ఉపవాసపు పలహారంగా వచ్చింది. శనివారం ఒక్కపొద్దు నాటి రాత్రి చపాతీ, ఏకాదశి నాడు గోధుమ రవ్వ ఉప్మా అలా అలవాటైనవే. తరువాత మధుమేహం రావడంతో, వైద్యుల సలహా మీద, చపాతీ ప్రతి రాత్రి భోజనమైంది. ఇక్కడే ఒక లెక్క చెప్పాలి.

250 గ్రాముల తెల్ల బియ్యంలో పీచు సుమారు 7 గ్రాములు. అంతే బరువు మైదాలో కూడా సుమారు 7 గ్రాములే. జొన్నల్లో సుమారు 25 గ్రాములు. పొట్టు తీయని గోధుమ పిండిలో సుమారు 28 గ్రాములు. పెద్దలకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అంటే, అన్నం మాని మైదా రొట్టెలో, మెత్తగా జల్లించిన పిండి పుల్కాలో తిన్నవారికి పథ్యం చేస్తున్నామన్న తృప్తి తప్ప పీచు విషయంలో దక్కేది పెద్దగా ఏమీ లేదు. చపాతీ మెత్తగా రావాలని సన్నజల్లెడతో రెండుసార్లు జల్లించి, ఆ పొట్టును కుడితి తొట్టిలో వేసే ఇళ్లను నేను ఎన్నో చూశాను. గోవుకు పెట్టినది వృథా కాదు, అది పాలై మనకే వస్తుంది. కానీ ఇంట్లో మధుమేహంతోనూ మలబద్ధకంతోనూ బాధపడుతున్న మనిషి ఉన్నప్పుడు, పథ్యంలో అసలైన భాగం ఆ జల్లెడలోనే ఉన్నదని గ్రహించాలి.

శరీరంలో తవుడు చేసే పని

గోధుమ తవుడులోని పీచు అధికభాగం నీటిలో కరగనిది. అది జీర్ణం కాకుండా పేగుల్లోకి వెళ్లి, నీటిని పట్టి ఉంచి, మలాన్ని మెత్తబరచి, త్వరగా కదిలేలా చేస్తుంది. మలబద్ధకానికి అది మేలు చేస్తుందన్నది రుజువైన విషయం. ఆఫ్రికాలోని ఉగాండాలో చాలాకాలం శస్త్రచికిత్స చేసిన డెనిస్ బర్కిట్ అనే వైద్యుడు, పీచు ఎక్కువగా తినే అక్కడి గ్రామీణుల్లో పేగుల జబ్బులు అరుదుగా ఉండటం గమనించి, 1970ల్లో ఈ విషయాన్ని ప్రపంచమంతటా ప్రచారం చేశాడు.

పీచుతో కూడిన భోజనం నెమ్మదిగా జీర్ణమవుతుంది. కడుపు నిండిన తృప్తి ఎక్కువసేపు నిలుస్తుంది. తవుడు తీయని ధాన్యం తినేవారిలో మధుమేహం, గుండెజబ్బుల ముప్పు తక్కువగా ఉన్నట్లు అనేక అధ్యయనాల్లో తేలింది. అయితే ఆ మేలు ముడి ధాన్యం తినే అలవాటుకు చెందినది. తెల్ల అన్నం అంతే తింటూ, పైన ఒక చెంచా తవుడు నోట్లో వేసుకుంటే షుగర్ దిగిపోతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. మాత్రలు మానవద్దు. కొలెస్టరాల్ తగ్గించడంలో ఓట్లు, బార్లీ వంటి వాటిలోని కరిగే పీచుకు ఉన్న శక్తి గోధుమ తవుడుకు లేదు.

మన జిల్లాలవారికి ప్రత్యేకంగా ఒక జాగ్రత్త

ఈ వ్యాసంలో నేను అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పదలచినది ఇదే. తవుడులో ఫైటిక్ ఆమ్లం అనే పదార్థం ఉంటుంది. గింజ మొలకెత్తే నాటికి భాస్వరాన్ని దాచిపెట్టుకొనే రూపం అది. మన పేగుల్లో అది కాల్షియం, ఇనుము, జింకులను పట్టుకొని, శరీరానికి అందనీయదు. తవుడులో 10 మిల్లీగ్రాముల ఇనుము ఉన్నా అదంతా రక్తంలో చేరదు.

నల్గొండ జిల్లా మర్రిగూడ, చండూరు, మునుగోడు ప్రాంతాల్లో దశాబ్దాల తరబడి ఫ్లోరైడ్ నీరు తాగి నడుములు వంగిపోయినవారిని మనమంతా చూశాం. పిల్లల మోకాళ్లు ఒకదానికొకటి తగిలేలా కాళ్లు వంకరపోయే వికృతిని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో లోకానికి తెలియజేశారు. భోజనంలో కాల్షియం తక్కువైన శరీరాన్ని ఫ్లోరైడ్ మరింతగా దెబ్బతీస్తుంది. ఇప్పుడు నదీజలాలు ఇంటింటికీ వస్తున్నాయి. అయినా ఎముకల్లో ఇదివరకే చేరిన ఫ్లోరైడ్ ఒక్కనాటిలో పోయేది కాదు. అటువంటివారు పచ్చి తవుడును నీళ్లలో కలుపుకొని రోజూ తాగితే, అసలే తక్కువైన కాల్షియం ఇంకా తక్కువవుతుంది. మర్రిగూడ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ, ఎవరో చెప్పారని, నెలల తరబడి పరగడుపున అలాగే తాగుతున్నానని నాతో చెప్పినది. మలబద్ధకం తగ్గిందట, కీళ్ల నొప్పులకు మాత్రం ఏం చేయాలని అడిగింది. వైద్యుని వద్దకు వెళ్లమని, తవుడును అంబలిలో పులియబెట్టి మజ్జిగతో తాగమని చెప్పి పంపాను.

ఇక రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత కలవారని తేలింది. గర్భిణులు ఇనుము మాత్రను తవుడు కలిసిన భోజనంతోపాటు వేసుకుంటే మాత్రలోని ఇనుము సరిగా అందదు. రెండింటికీ మధ్య కనీసం రెండు గంటల వ్యవధి ఉండాలి.

దీనికి పరిహారం మన వంటింట్లోనే ఉన్నది. నానబెట్టడం, పులియబెట్టడం, మొలకెత్తించడం వల్ల ఫైటిక్ ఆమ్లం తగ్గుతుంది. దానిని విడగొట్టే ఎంజైము గోధుమ తవుడులోనే ఉంటుంది. కొద్దిపాటి పులుపు, గోరువెచ్చదనం, కొంత సమయం ఇస్తే అది పనిచేస్తుంది. రాత్రంతా పులిసిన అంబలి, పులిసిన ఇడ్లీ పిండి చేసేది అదే పని. తవుడు తినే రోజున పాలు, పెరుగు, మజ్జిగ, నువ్వులు, తైదలు కూడా భోజనంలో ఉండాలి. వంద గ్రాముల తైదల్లో 350 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. కూరలో నిమ్మరసం పిండినా, భోజనం తరువాత ఉసిరి, జామ తిన్నా ఇనుము బాగా ఒంటబడుతుంది. తిన్న వెంటనే టీ తాగరాదు.

వంటింట్లో తవుడు

చపాతీ: గిర్నిలో పట్టించిన పిండిని జల్లించకుండా వాడటమే అన్నిటికన్నా సులభం. పురుగూ పుల్లా ఉంటాయన్న అనుమానం ఉంటే గోధుమలనే బాగుచేసి పట్టించండి. జల్లించక తప్పకపోతే పెద్దరంధ్రాల జల్లెడ వాడండి. పిండిలో కొద్దిగా పుల్లని మజ్జిగ పోసి, మామూలుకన్నా నీరు కొంచెం ఎక్కువగా కలిపి, గంటసేపు నాననిస్తే తవుడు మెత్తబడి చపాతీ విరగకుండా వస్తుంది.

అంబలి: తైద పిండితోపాటు మనిషికి ఒక పెద్ద చెంచా గోధుమ తవుడు కలిపి, నీటిలో రాత్రంతా పులియనిచ్చి, ఉదయం కాచి, చల్లారిన తరువాత మజ్జిగ, ఉప్పు కలుపుకొని తాగాలి. కాల్షియం, పీచు రెండూ ఒకే గిన్నెలో అందుతాయి. మన జిల్లాలవారికి నేను మొదట చెప్పేది ఇదే.

ఇడ్లీ, దోసె: నాలుగు గిన్నెల రుబ్బిన పిండికి అర గిన్నె తవుడు చొప్పున, పులియబెట్టడానికి ముందే కలపాలి. రంగు కొంచెం మారుతుంది, రుచి చెడదు.

సర్వపిండి: కొన్నిచోట్ల తపాలచెక్క అంటారు. బియ్యప్పిండిలో శనగపప్పు, పల్లీలు, నువ్వులు వేసేటప్పుడే గుప్పెడు నానిన తవుడు వేస్తే కరకరలాడుతూ వస్తుంది. నువ్వులు కొంచెం ఎక్కువగానే వేయండి.

మలీద: సద్దుల బతుకమ్మ నాడు రొట్టెను నలిపి బెల్లం కలిపి చేసే మలీదముద్దలు మనకు తెలిసినవే. జల్లించని గోధుమ పిండి రొట్టెతో చేస్తే ముద్ద బాగా కట్టుబడి, కమ్మగా ఉంటుంది.

ఉప్మా, ప్రసాదం: బొంబాయి రవ్వకు బదులు గోధుమ నూక వాడండి. పది నిమిషాలు ఎక్కువ ఉడకాలి, అంతే.

మోతాదు విషయం. ఒక పెద్ద చెంచా గోధుమ తవుడు 3 నుంచి 4 గ్రాములు తూగుతుంది. అందులో పీచు ఒకటిన్నర గ్రాములు. మొదటి వారం రోజుకు ఒక చెంచాతో మొదలుపెట్టి, మెల్లగా రెండు మూడు చెంచాలకు పెంచాలి. ఒక్కసారిగా ఎక్కువ తింటే కడుపుబ్బరం, గాలి తప్పవు. తవుడు తిన్నవారు మంచినీరు బాగా తాగాలి. నీరు తాగకపోతే తవుడు గట్టిపడి, మలబద్ధకం ఇంకా పెరుగుతుంది.

కొనడం, దాచడం

దాణా దుకాణాల్లో గోతాల్లో అమ్మే తవుడు పశువుల కోసం తెచ్చినది. దుమ్ము, పురుగు, బూజు ఉండవచ్చు. దానిని మనుషులు తినరాదు. ఇంట్లో జల్లించగా వచ్చినదైనా, ఆహారంగా ప్యాకెట్లలో అమ్మేదైనా వాడాలి. సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించి, చల్లార్చి, తడిలేని డబ్బాలో మూతపెట్టి, నెలలోపు వాడుకోవాలి. చేదు గాని, కారునూనె వాసన గాని వస్తే పారవేయాలి. బిస్కెట్లు, బ్రెడ్డు కొనేటప్పుడు పొట్లం మీద “రిఫైన్డ్ వీట్ ఫ్లోర్” అని ఉంటే అది మైదాయే. రంగు ముదురుగా ఉన్నంత మాత్రాన అందులో తవుడు ఉన్నట్లు కాదు.

ఎవరు తినరాదు?

గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ వ్యాధి కలవారు గోధుమ తవుడును ముట్టరాదు. మూత్రపిండాల జబ్బు కలవారికి ఇందులోని భాస్వరం, పొటాషియం హాని చేయవచ్చు. వైద్యుని అడగనిదే తినకూడదు. పేగులో అడ్డంకి ఏర్పడి చికిత్స పొందినవారు, ఇటీవల కడుపు ఆపరేషన్ జరిగినవారు దూరంగా ఉండాలి. థైరాయిడ్ మాత్రను తవుడుతో కలిపి తీసుకోరాదు; కొన్ని గంటల వ్యవధి ఉంచాలి. చిన్నపిల్లలకు విడిగా తవుడు పెట్టనవసరం లేదు. వారి చిన్న పొట్ట దానితోనే నిండిపోయి అసలు ఆహారం తగ్గుతుంది. మలంలో రక్తం కనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, మలబద్ధకం కొత్తగా మొదలై వారాల తరబడి తగ్గకపోయినా తవుడుతో కాలయాపన చేయక వైద్యుని కలవాలి.

తవుడు ఔషధం కాదు, మహిమ గల పొడీ కాదు. అది గింజలో ఒక భాగం. దానిని గింజ నుంచి విడదీసి, తిరిగి వెల పెట్టి కొనుక్కొని మింగడం కన్నా, మొదటే విడదీయకుండా ఉండటం మంచిది, చవక కూడా. వారంలో మూడు పూటలు జొన్నరొట్టె, తక్కిన పూటల్లో చపాతీ ఉంటే జల్లించని పిండితో చపాతీ, పొద్దున మజ్జిగ కలిపిన అంబలి ఉంటే చాలు. ఈసారి గిర్ని నుంచి పిండి ఇంటికి వచ్చినప్పుడు సన్నజల్లెడను గోడకే ఉండనివ్వండి.